బాబాయి ఇచ్చిన డీ90కి లెన్స్: కోఠీకి వెళ్లే ముందు బ్యాగు వెతకండి

ప్రశ్న: మా బాబాయి ఫొటోల పిచ్చి తగ్గించుకుని తన నికాన్ డీ90 కెమెరా నాకు ఇచ్చేశారు. దాంతోపాటు 18-105 లెన్స్, ఒక పాత చిన్న లెన్స్, ఒక బ్యాటరీ వచ్చాయి. మా స్కూల్ యాన్యువల్ డేకి ఫొటోలు తీసే పని నాకే అప్పజెప్పారు. 18-105తో తీస్తే డాన్స్ చేస్తున్న పిల్లలంతా మసకమసకగా వచ్చారు. ఆదివారాలు అమీన్‌పూర్ చెరువు దగ్గరికి పక్షులు చూడటానికి వెళ్తుంటాను. అక్కడ కొంగ కూడా చుక్కలాగే పడుతోంది. చిన్న లెన్స్ మీద ‘ఏఎఫ్ నికార్ 50ఎంఎం 1:1.8 డీ’ అని ఉంది. అది తగిలిస్తే కెమెరా మీద ‘ఎఫ్ఈఈ’ అని వస్తోంది, క్లిక్ కావడం లేదు. కోఠీలో ఒక షాపులో చూపిస్తే “ఇది పోయిందమ్మా, స్క్రాప్” అన్నాడు. అదే షాపులో 18-55 లెన్స్ ఒకటి చూపించి, “కిట్‌లోంచి తీసింది, ఫ్రెష్, ఏ నికాన్‌కైనా పడుతుంది” అని 4,500 చెప్పాడు. దాని మీద ఏఎఫ్-పీ అని ఉంది. 500 అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. ఆన్‌లైన్‌లో ఒకరు 70-300 లెన్స్ 3,500కి పెట్టారు. బ్యాటరీ 40 ఫొటోలకే దిగిపోతోంది. నా దగ్గర 12 వేలు ఉన్నాయి. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి మంచి ఫోన్ కొనుక్కో అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?
– ఒక టీచర్, చందానగర్

జవాబు: ముందు ఆ ‘స్క్రాప్’ లెన్స్‌ని తెచ్చి టేబుల్ మీద పెట్టండి. కెమెరాకి బిగించే వైపు, లెన్స్ చుట్టూ ఒక రింగ్ ఉంటుంది. దాని మీద 1.8, 2.8, 4 అంటూ మొదలై 22 దాకా అంకెలుంటాయి. చివరి 22 మాత్రం నారింజ రంగులో ఉంటుంది. ఆ రింగ్‌ని 22 దాకా తిప్పండి. పక్కనే గోరుతో జరిపేంత చిన్న లాక్ ఉంటుంది, దాన్ని కూడా జరపండి. ఇప్పుడు కెమెరాకి పెట్టి ఆన్ చేయండి. చాలావరకు ఎఫ్ఈఈ పోయి మామూలుగా అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం) అంకె కనిపిస్తుంది.

ఎఫ్ఈఈ అంటే లెన్స్ చెడిపోయిందని కాదు. ఫిల్మ్ కెమెరాల రోజుల్లో అపర్చర్‌ని ఆ రింగ్‌తోనే మార్చేవాళ్లు. డీ90లో ఆ పని కెమెరా మీదున్న చక్రం చేస్తుంది. అందుకని రింగ్‌ని 22 దగ్గర కట్టేసి, పెత్తనం నాకు వదిలేయమని కెమెరా అడుగుతోంది, అంతే. పైగా ఆ అక్షరాలు రావడం మంచి సూచన. లెన్స్‌లోని చిప్ బతికే ఉందని, కెమెరా దాన్ని గుర్తుపట్టిందని అర్థం. చిప్ లేని లెన్స్ అయితే డీ90 ఎఫ్ పక్కన రెండు గీతలు చూపిస్తుంది.

ఇంకొకటి. కెమెరా ముందువైపు, లెన్స్ బిగించే చోటుకి దగ్గర్లో ఏఎఫ్ (ఆటో ఫోకస్), ఎం (చేత్తో ఫోకస్) అని చిన్న మీట ఉంటుంది. అది ఏఎఫ్ మీద ఉండాలి. ఈ రకం లెన్స్ మీద విడిగా స్విచ్ ఉండదు కాబట్టి ఆ మీటే దిక్కు. బటన్ సగం నొక్కగానే గిర్రుమని శబ్దం వచ్చి లెన్స్ తిరిగితే మీ పంట పండినట్టే. బయట డబ్బు పెట్టి కొనమని నేను చెప్పబోయిన మొదటి లెన్స్ ఇదే. అది మీ బ్యాగులోనే ఉంది.

రింగ్ తిప్పినా ఎఫ్ఈఈ పోకపోతే, లెన్స్ వెనక ఇత్తడి రంగులో మెరిసే పిన్నులను పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. కెమెరా వైపు ఉన్న పిన్నులను కూడా తేలిగ్గా తుడవండి. లోపలి అద్దం జోలికి మాత్రం పోకండి. అప్పటికీ రాకపోతేనే రిపేరు మాట.

ఇక ఆ 18-55 సంగతి. ఏఎఫ్-పీ అని ఉంది కాబట్టి వద్దే వద్దు. మౌంట్‌కి, అంటే కెమెరాలో లెన్స్ బిగించే చోటుకి పడుతుంది, టక్‌మని బిగుస్తుంది కూడా. షాపువాడు చెప్పింది అంతవరకూ నిజమే. కానీ ఏఎఫ్-పీ లెన్సుల్లో స్టెప్పింగ్ మోటార్ ఉంటుంది. దాన్ని నడిపించడం డీ90కి రాదు. 2008లో వచ్చిన కెమెరాకి, చాలా ఏళ్ల తర్వాత వచ్చిన లెన్స్‌ని అర్థం చేసుకునే సాఫ్ట్‌వేర్ లేదు. పోనీ చేత్తో ఫోకస్ చేసుకుందామన్నా కుదరదు. ఆ లెన్స్‌లో రింగ్‌కీ అద్దాలకీ నేరుగా లింకు ఉండదు, మధ్యలో మోటారే ఉంటుంది. రింగ్ ఎంత తిప్పినా గాజు కదలదు. అయినా మీకు 18-105 ఉండగా 18-55 దేనికండీ? ఈ అంకెలు పెరిగినకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరగా పడుతుంది. అందులో ఉన్నదంతా ఇందులోనూ ఉంది.

అడ్వాన్స్ తిరిగి అడగండి. “పనిచేయని లెన్స్‌ని పడుతుందన్నారు, నా కెమెరాతో చూపించండి” అంటూ డీ90ని వాళ్ల ముందే పెట్టి ఆన్ చేయమనండి. గొడవ అక్కర్లేదు. డబ్బు ఇవ్వడానికి నసిగితే బ్యాటరీ కిందో, మెమరీ కార్డు కిందో సర్దమనండి. అవి ఎలాగూ మీకు కావాలి.

పాత నికాన్‌కి లెన్స్ కొనేవాళ్లు ధర కంటే ముందు చూడాల్సింది లెన్స్ మీది అక్షరాలు. డీ90 మధ్యతరం కెమెరా, అందుకే దాని బాడీలో ఫోకస్ మోటార్ పెట్టారు. లెన్స్ బిగించే చోట, అంచు దగ్గర స్క్రూడ్రైవర్ కొనలాంటి చిన్న ముక్క బయటికి పొడుచుకుని ఉంటుంది, చూడండి. అదే లెన్స్‌లోని మరను తిప్పుతుంది. దీనికంటే చవకగా అమ్మిన డీ3000, డీ5000 వరస కెమెరాల్లో ఆ ముక్క లేదు. ఇప్పటి జెడ్ వరస మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకి, పాత లెన్సులు బిగించే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా ఈ పాత లెన్సుల్లో ఆటో ఫోకస్ పనిచేయదు. అంటే లెన్స్ మీద ఎస్ గానీ పీ గానీ లేకుండా ఉత్త ‘ఏఎఫ్’ అని ఉంటే, కొత్త కెమెరాలు వాడేవాళ్లలో చాలామందికి అది పనికిరాదు. వాళ్లు వదిలించుకుంటారు, మీకు దిగుతుంది. పాత కెమెరా ఉండటం వల్ల కలిసొచ్చే సంగతి ఇదొక్కటే, దీన్ని వదులుకోకండి.

కాబట్టి ‘ఏఎఫ్’ అంటే మీకు సరే. ‘ఏఎఫ్-ఎస్’ అంటే లెన్స్‌లోనే మోటార్ ఉంది, అదీ సరే. ‘ఏఎఫ్-పీ’ అంటే దండం పెట్టి వచ్చేయండి. చివర్లో డీ, జీ ఏది ఉన్నా ఫర్వాలేదు. డీ ఉన్నవాటికి సాధారణంగా అపర్చర్ రింగ్ ఉంటుంది, జీకి ఉండదు. 2.8ఈ, 4ఈ అంటూ అపర్చర్ అంకె పక్కన ఈ ఉన్న కొత్త లెన్సులు మాత్రం వద్దు, వాటి అపర్చర్ డీ90 మాట వినదు. వీఆర్ అంటే చెయ్యి వణుకుని సర్దే ఏర్పాటు.

తమ్రాన్, టోకినా వంటి కంపెనీల లెన్సుల్లోనూ ఇదే లెక్క. తమ్రాన్ 17-50 ఎఫ్/2.8 మొదటి రకంలో మోటార్ లేదు, టోకినా 11-16 మొదటి రకంలోనూ లేదు. ‘మోటార్ లేదండీ’ అని అమ్మేవాళ్లే మొహమాటంగా చెప్తే, మీరు లోపల సంతోషించి, పైకి మాత్రం దిగులుగా బేరమాడండి.

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో జుమ్మేరాత్ బజార్‌లోనో ఒళ్లంతా లోహంతో బరువుగా ఉన్న నికాన్ లెన్సులు కనిపిస్తే మాత్రం తొందరపడకండి. నికాన్ 1977లో మౌంట్‌లో ఒక మార్పు చేసింది. అంతకుముందువి, మార్చకుండా అలాగే ఉన్నవి, డీ90కి బిగిస్తే కెమెరా దెబ్బతినొచ్చు. తర్వాత వచ్చిన చేతి ఫోకస్ లెన్సులు పడతాయి గానీ మీటర్ పనిచేయదు. వెలుతురు లెక్క మీరే వేసుకోవాలి. సరదాకి బాగుంటుంది, స్కూల్ ఫంక్షన్‌కి కాదు.

ఇప్పుడు స్టేజీ. 18-105తో పిల్లలు మసకగా వచ్చింది మీ తప్పు వల్లా కాదు, లెన్స్ చెడిపోయీ కాదు. జూమ్ చేసినకొద్దీ ఆ లెన్స్ నోరు ఎఫ్/5.6కి ముడుచుకుంటుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగితే అపర్చర్ చిన్నదైనట్టు). హాల్లో ఆ వెలుతురు చాలక షట్టర్ నెమ్మదిస్తుంది, ఈలోపు పాప చెయ్యి ఇటునుంచి అటు వెళ్లిపోతుంది. వీఆర్ ఉంది కదా అంటారేమో, అది మీ చేతి వణుకుని ఆపుతుంది గానీ కూచిపూడి వేస్తున్న పిల్లని ఆపలేదు. 50ఎంఎం లెన్స్‌ని ఎఫ్/2 దగ్గర పెడితే ఎఫ్/5.6 కంటే సుమారు 8 రెట్లు వెలుతురు వస్తుంది. 1/25 సెకను దగ్గర తీసిన ఫొటోని 1/200 దగ్గర తీయొచ్చన్నమాట. వెలుతురుకి కెమెరా ఎంత తొందరగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ అంకెని 1600 దాకా పోనివ్వండి. గరుకు కాస్త కనిపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కదిలిన మొహం మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఎక్కడ నిలబడాలో కూడా చెప్తాను. డీ90 మీద 50ఎంఎం లెన్స్‌తో 10 మీటర్ల దూరం నుంచి చూస్తే సుమారు 4.7 మీటర్ల వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. నలుగురైదుగురు పిల్లల గుంపుకి సరిపోతుంది. ఒక్క పాపే కావాలంటే 4 మీటర్లకి రండి. టీచర్ కాబట్టి స్టేజీ ముందు కింద కూర్చునే హక్కు మీకుంటుంది, వాడుకోండి. ఈ లెన్స్‌కి జూమ్ లేదు, కాళ్లతోనే జూమ్. వెనక తెర నల్లగా ఉండి మొహాల మీద మాత్రమే లైటు పడుతుంటే కెమెరా మోసపోయి మొహాలను తెల్లగా కాల్చేస్తుంది. ఫొటో వెలుగుని పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్ 1 దాకా తగ్గించి చూడండి. ఎల్ఈడీ లైట్ల కింద కొన్ని ఫొటోల్లో అడ్డ చారలు వస్తే షట్టర్‌ని 1/100కి మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి, ఆ వేగంతో చారలు చాలావరకు పోతాయి. ఫ్లాష్ వద్దు. కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ స్టేజీ దాకా అందదు, అందినా లైటింగ్ వాళ్ల కష్టమంతా బూడిదలో పోస్తుంది.

50 పనిచేస్తే ఇక మీ డబ్బు చాలావరకు పక్షులకే మిగులుతుంది. అమీన్‌పూర్ చెరువుని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించాక అక్కడికి కెమెరాలు వేసుకుని వచ్చేవాళ్లు పెరిగారు, మీరూ చూసే ఉంటారు. పక్కవాడి భుజాన ఫిరంగిలాంటి లెన్స్ చూసి మనసు పాడుచేసుకోకండి. 20 మీటర్ల దూరంలో నిలబడ్డ పెద్ద తెల్లకొంగ దాదాపు ఒక మీటరు ఎత్తుంటుంది. 300ఎంఎం లెన్స్‌తో అక్కడ ఫ్రేము ఎత్తు కూడా ఒక మీటరే. అంటే కొంగ నిండుగా పడుతుంది. అదే చోట మీ 105తో ఫ్రేము వెడల్పు నాలుగున్నర మీటర్లు, అందుకే కొంగ కొంచెంగా, చెరువు బోలెడుగా వస్తోంది. అయితే లకుముకి పిట్ట అంత దూరంలో కూర్చుంటే 300 కూడా చాలదు, అది జానెడు పిట్ట. మీరే మెల్లగా దగ్గరికి జరగాలి, లేదా అదే ఎగిరొచ్చి దగ్గర్లో వాలేదాకా కదలకుండా కూర్చోవాలి.

ఫోన్ మాటకి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఇంట్లో, బజార్లో, పెళ్లిళ్లలో ఫోనే హాయి, మీవారితో వాదించకండి. 20 మీటర్ల అవతలి పక్షి దగ్గర, స్టేజీ మీద తిరిగే పిల్లల దగ్గర మాత్రం మీ చేతికొచ్చే ధరలో ఫోన్ ఈ పని చేయదు.

ఆన్‌లైన్‌లో చూసిన 70-300 ఏదో రాయలేదు మీరు. ఆ పేరుతో నికాన్‌లోనే చాలా రకాలున్నాయి. 3,500 అంటున్నారు కాబట్టి బహుశా వీఆర్ లేని ‘ఏఎఫ్ 70-300 జీ’ అయుంటుంది. డీ90 మీద ఆటో ఫోకస్ పనిచేస్తుంది. కానీ 300 దగ్గర మెత్తగా తీస్తుంది, ఎఫ్/8 గానీ ఎఫ్/11 గానీ పెడితే తప్ప ఈక ఈకగా కనిపించదు. ఎండ బాగా ఉన్నప్పుడు సరే, పొద్దున్నే ఆరున్నరకి ఆ అపర్చర్ దగ్గర వెలుతురు చాలదు. పక్షులేమో ఆ వేళకే బాగా తిరుగుతాయి. నేనైతే తీసుకోను. అదే ప్రకటనలో ఉన్నది ఏఎఫ్-పీ 70-300 అయితే ఊరికే ఇచ్చినా వద్దు.

మీరు వెతకాల్సింది ‘ఏఎఫ్-ఎస్ వీఆర్ 70-300 ఎఫ్/4.5-5.6జీ’. 2006లో వచ్చిన లెన్స్, ముప్పావు కిలో బరువు, వాడినవి తిరుగుతూనే ఉంటాయి. దాని ముందు క్యాప్ సైజు 67ఎంఎం, మీ 18-105దీ అదే. క్యాప్, ఫిల్టర్ రెండింటికీ మార్చుకోవచ్చు. బ్యాటరీ, కార్డు పోను మిగిలిన డబ్బులో మంచి కండిషన్‌లో దొరికితే కళ్లు మూసుకుని కాదు గానీ, సంతోషంగా తీసుకోండి. ధర కుదరకపోతే ‘ఏఎఫ్-ఎస్ డీఎక్స్ వీఆర్ 55-300’. అది తేలిక, సాధారణంగా చవక కూడా. ఫోకస్ మాత్రం తీరిగ్గా పడుతుంది. నీళ్లలో నిలబడ్డ కొంగకి చాలు, ఎగిరే పక్షిని పట్టుకోవడం కష్టం. 55-200 వీఆర్ ఇంకా చవకే గానీ పక్షులకి పొట్టి, దాన్ని కొంటే రెండు నెలల్లో మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.

కొనేటప్పుడు కెమెరా, ఛార్జ్ చేసిన బ్యాటరీ, కార్డు మీతో ఉండాలి. లెన్స్‌ని మీ కెమెరాకే పెట్టి చూడటం డీ90 విషయంలో మరీ ముఖ్యం. పెద్ద మోడళ్లలో, ఫోకస్ కొంచెం ముందుకో వెనక్కో పడితే మెనూలో సర్దుకునే వీలుంటుంది. డీ90లో అది లేదు. లెన్స్, కెమెరా పొసగకపోతే అంతే సంగతులు. టేబుల్ మీద న్యూస్‌పేపర్ పరిచి, ఏటవాలుగా నిలబడి, మధ్యలో ఒక లైను మీద ఫోకస్ చేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. స్క్రీన్ మీద జూమ్ చేసి చూడండి. మీరు పట్టుకున్న లైనే స్పష్టంగా ఉండాలి. దాని పై లైనో కింది లైనో బాగుండి, నాలుగైదు సార్లు తీసినా అలాగే వస్తుంటే ఆ లెన్స్ మీది కాదు. మీ 50ని కూడా ఇలాగే ఒకసారి చూసుకోండి.

తర్వాత ఫోన్ టార్చ్. షాపు ట్యూబ్‌లైట్ కింద అన్ని లెన్సులూ ముత్యాల్లాగే ఉంటాయి. ఒకవైపు నుంచి టార్చ్ కొట్టి, రెండోవైపు నుంచి కాస్త పక్కగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తాయి, పాత లెన్స్‌లో అవి మామూలే, ఫొటోలో పడవు. సాలెగూడు పోగుల్లా కొమ్మలు కొమ్మలుగా ఉంటే అది ఫంగస్. లోపలి అద్దం మీద ఆవిరి పట్టినట్టు తెల్లటి పొర ఉంటే ఫొటోలన్నీ కళ తప్పుతాయి. ‘క్లీన్ చేయిస్తే పోతుంది మేడమ్’ అంటే, చేయించి పెట్టండి, అప్పుడొచ్చి తీసుకుంటాను అనండి. వెనకవైపు చిన్న మీట ఉంటుంది, వేలితో కదిపి వదిలితే అపర్చర్ రేకులు టప్పుమని మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే నూనె పట్టినట్టు. రేకుల మీద నూనె మెరుపు కనిపించినా అంతే. స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో విప్పారు. వీఆర్ ఆన్ చేసి బటన్ సగం నొక్కితే లోపల సన్నగా గిర్రుమనాలి, వ్యూఫైండర్‌లో బొమ్మ తేలినట్టై నిలబడాలి.

కోఠీకి మీకు మియాపూర్ నుంచి నేరుగా మెట్రో ఉంది, ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే నడిచే దూరం. గుజరాతీ గల్లీ, బ్యాంక్ స్ట్రీట్ వైపు తిరగండి. మొదటి షాపులోనే కొనకండి. వెళ్లేటప్పుడు ధరలు అడుగుతూ వెళ్లి, వచ్చేటప్పుడు కొనండి. “భయ్యా, ఫైనల్ బోలో” అన్నాక కూడా ఒక మెట్టు తగ్గుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. కొన్నాక చెకింగ్ వారంటీ అని నోటితో చెప్పేది బిల్లు మీద రాయించండి. వారం రోజులు, పనిచేయకపోతే డబ్బు వాపస్ అని. దాంతోపాటు లెన్స్ మీది సీరియల్ నంబరు. ఈ రెండూ రాయడానికి ఇష్టపడని చోట కొనకపోవడమే మంచిది.

స్టూడియోల వాళ్లను కూడా అడగండి. పెళ్లి ఫొటోగ్రాఫర్లు మిర్రర్‌లెస్‌కి మారుతూ పాత సామాను బీరువాల్లో పెట్టేసి ఉంచారు. ఆషాఢంలో పనులు తగ్గినప్పుడు అడిగితే కొంతమంది తీస్తారు. అవి బాగా తిరిగిన లెన్సులు, పైన రంగు పోయి ఉంటుంది. గాజు శుభ్రంగా ఉంటే ఆ రంగు పోవడాన్ని చూపించి బేరమాడుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో అయితే మనిషిని కలిసి, లెన్స్ పెట్టి చూశాకే డబ్బు. మెట్రో స్టేషన్ దగ్గర కలుద్దామనండి. ‘నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, కొరియర్ చేస్తా, సగం అడ్వాన్స్ పంపండి’ అన్నాడంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. రీఫండ్ ఇస్తానని క్యూఆర్ కోడ్ పంపినా స్కాన్ చేయకండి. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయాల్సిన పనే లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

బ్యాటరీ తేలిక. డీ90కి కావాల్సింది ఈఎన్-ఈఎల్3ఈ. చివరి ఈ తప్పనిసరి, అది లేని పాతవి దీనికి పనిచేయవు. సెటప్ మెనూలో బ్యాటరీ సమాచారం అనే చోట దాని వయసు 0 నుంచి 4 వరకు అంకెతో చూపిస్తుంది. మీది 4 దగ్గర ఉంటే దాని ఆయుష్షు తీరింది. కొత్తలో ఒక ఛార్జికి 850 ఫొటోలు అని నికాన్ చెప్పిన కెమెరా ఇది. కంపెనీ బ్యాటరీ పేరుతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. నకిలీ ఒరిజినల్‌కి ఒరిజినల్ ధర ఇవ్వడం కంటే, తన సొంత పేరుతో బిల్లుతో అమ్మే వేరే కంపెనీ బ్యాటరీ నయం. రెండు కొనండి, ఫంక్షన్ రోజు టెన్షన్ ఉండదు. ఉబ్బినట్టు కనిపించిన పాతదాన్ని ఇక ఛార్జింగ్ పెట్టకండి, స్లాట్‌లో ఇరుక్కుంటే దాన్ని తీయడం ఒక పెద్ద పని.

మెమరీ కార్డు 32 జీబీ దాటొద్దు. డీ90 తీసుకునేది ఎస్‌డీహెచ్‌సీ వరకే, 64 జీబీ నుంచి వచ్చేది వేరే రకం. షాపుల్లో 32 దొరకడం తగ్గింది కాబట్టి ‘ఇదే పనిచేస్తుంది’ అని 64 అంటగడతారు. 12 మెగాపిక్సెల్ కెమెరాకి 16 జీబీ కూడా బోలెడు. కొన్న రోజే కెమెరాలో ఫార్మాట్ చేసి, కంప్యూటర్ నుంచి పాత వీడియోలు కాపీ చేసి నిండా నింపి, మళ్లీ తెరిచి చూడండి. నకిలీ కార్డులు సగం దాకా బాగానే ఉండి ఆ తర్వాత ఫైళ్లను మింగేస్తాయి.

మిగతావాటికి పెద్దగా ఖర్చు పెట్టకండి. లెన్స్ హుడ్ డూప్లికేటైనా అదే ప్లాస్టిక్. దుమ్ము ఊదడానికి రబ్బరు బ్లోయర్ ఒకటి చాలు. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. యూవీ ఫిల్టర్ అక్కర్లేదు, చవకదైతే స్టేజీ లైట్లకి నీడ బొమ్మలు తెస్తుంది. గ్రూప్ ఫొటోలో మీరూ ఉండాలనుకుంటే ఎంఎల్-ఎల్3 రిమోట్ డీ90కి పనిచేస్తుంది, దాని నకళ్లు కూడా బాగానే ఉంటాయి. డీ90లకి కుడిచేతి పట్టు దగ్గర రబ్బరు ఊడి ఉబ్బడం మామూలు జబ్బు. మీదానికీ అలా ఉంటే రిపేరు షాపులో అతికించమనండి, చిన్న పని.

వానాకాలం వస్తే బాబాయి ఇచ్చిన లెదర్ సంచీలో మాత్రం ఉంచకండి, తోలు చెమ్మ పీల్చుకుని ఫంగస్‌ని పెంచుతుంది. వంటింట్లో వాడే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్ గుళికలు. రంగు మారగానే బాణలిలో సన్నటి సెగ మీద వేడి చేస్తే మళ్లీ మొదటి రంగుకి వస్తాయి. ఆ బాణలిని మళ్లీ వంటకి వాడకండి, దానికంటూ ఒక పాతది పక్కన పెట్టేయండి. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెప్తారు, వినకండి, ఆ పొడి రింగుల సందుల్లోకి చేరుతుంది. వారానికోసారి లెన్సులు బయటికి తీసి నాలుగు ఫొటోలు తీస్తూ ఉండండి.